బలిపీఠం, చాకిరేవు, అంగడి: రోమన్ల గురించి మీ ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా రోమన్ల పూజలు, పండుగలు, తిండి, బట్ట మీద వచ్చాయి. యుద్ధాల గురించి అడిగినవాళ్లు తక్కువ. మాకిది సంతోషం. రోమ్‌ను తెలుసుకోవాలంటే వాళ్ల ఇంటి పొయ్యి దగ్గర, గుడి ముందరి బలిపీఠం దగ్గర మొదలుపెట్టాలి. అక్కడ ‘నువ్వు ఏం నమ్ముతున్నావు’ అని ఎవరూ అడగలేదు, ‘సరిగ్గా చేశావా’ అనే అడిగారు. అందుకే ఈ జవాబుల్లో తేదీలు, కొలతలు ఎక్కువ. రోమన్ పౌను సుమారు 327 గ్రాములని గుర్తుంచుకుంటే చాలు.

ప్రశ్న: పెద్దబంకూరు తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయని చిన్నప్పటి నుంచి వింటున్నం. అంటే రోమన్లు ఇక్కడిదాకా వచ్చినట్టేనా? ఊళ్లో ఎవరన్నా పాత వెండి బిళ్ల చూపిస్తే అసలుదో కాదో ఎట్ల తెలుస్తది? (పెద్దపల్లి)

జవాబు: దొరికిన మాట నిజమే. శాతవాహనుల నాటి ఆ ఊళ్లో అగస్టస్, తిబెరియస్ చక్రవర్తుల నాణేలు బయటపడ్డాయి. అయితే నాణెం వచ్చిందంటే మనిషి వచ్చాడని కాదు. ఈజిప్టులోని ఎర్ర సముద్రపు రేవుల నుంచి ఓడలు జూలైలో బయలుదేరి, నైరుతి గాలి పట్టుకుని మన పడమటి తీరానికి చేరేవి. చలికాలపు ఈశాన్య గాలితో తిరిగి వెళ్లేవి. భరుకచ్ఛం (నేటి గుజరాత్‌లోని భరూచ్) రేవు నుంచి పైఠాన్‌కు 20 రోజుల దారి అని, అక్కడి నుంచి తూర్పుగా తేర్‌కు మరో 10 రోజులని ఆ కాలపు గ్రీకు నావికుడి దారి పుస్తకం ‘పెరిప్లస్’ చెబుతుంది. పైఠాన్ మన గోదావరి ఒడ్డునే ఉంది. అక్కడి నుంచి కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు వైపు వెండి ఎన్నో చేతులు మారి వచ్చిందని అనుకోవడమే సబబు. ఇక్కడివాళ్లు దాన్ని చక్రవర్తి బొమ్మ చూసి తీసుకోలేదు, వెండి తూకం చూసి తీసుకున్నారు. మన దేశంలో దొరికిన చాలా రోమన్ నాణేల మీద, సరిగ్గా చక్రవర్తి ముఖం మీద, ఉలి గాటు ఉంటుంది. ఆ గాటును చూసి విలువ తగ్గిందనుకోవద్దు. అది ఆ నాణెం మన నేల మీద తిరిగిన గుర్తు.

గుర్తుపట్టడానికి ముందు తూకం చూడండి. అగస్టస్ నాటి వెండి దెనారియస్‌ను పౌనుకు 84 చొప్పున కొట్టారు, అంటే కొత్తగా ఉన్నప్పుడు 3.9 గ్రాములు. అరిగితే 3.5 దాకా దిగవచ్చు. నీరో చక్రవర్తి క్రీ.శ. 64 ప్రాంతంలో పౌనుకు 96 చేశాడు కాబట్టి తర్వాతివి ఇంకా తేలిక. అడ్డకొలత 18, 19 మిల్లీమీటర్లు. అగస్టస్ నాణెం వెనక డాళ్లు, ఈటెలు పట్టుకుని ఇద్దరు యువకులు నిలబడి ఉంటారు. వాళ్లు అతని మనవలు గాయస్, లూసియస్. తిబెరియస్ నాణెం వెనక ఒక స్త్రీ రాజదండం, కొమ్మ పట్టుకుని కూర్చుని ఉంటుంది. మన దేశంలో ఎక్కువగా దొరికే రకాలు ఈ రెండే. అసలు నాణేన్ని అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టారు కాబట్టి అక్షరం అంచు పదునుగా ఉంటుంది, బిళ్ల పూర్తి గుండ్రంగా ఉండదు. మూసలో పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నని అతుకు గీత కనిపిస్తుంది. అక్షరాలు మొద్దుబారి ఉంటాయి. భూతద్దంలో గాలి బుడగల గుంటలు తెలుస్తాయి. లోపల రాగి, పైన వెండి పూతతో రోమన్ల కాలంలోనే దొంగ నాణేలు చేసినవాళ్లున్నారు. అరిగినచోట ఎర్రగా కనిపిస్తే అది అలాంటిది.

దయచేసి చింతపండు, నిమ్మకాయ, బూడిద పెట్టి తోమకండి. పై పొర పోతే గాటు పాతదో కొత్తదో చెప్పే ఆధారం కూడా దానితోపాటే పోతుంది. పొలంలో దొరికితే చుట్టుపక్కల ఇంకా తవ్వకుండా జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. నిధుల చట్టం కోరేది అదే. దొరికిన చోటు, లోతు, పక్కన కుండ పెంకులు ఉన్నాయా అన్న వివరాలు రాసి పెట్టండి. చరిత్రకు నాణెం కంటే అవే ఎక్కువ అవసరం.

ప్రశ్న: రోమన్ల గుడిలో బలి ఎట్ల ఇచ్చేటోళ్లు? మన దగ్గర పోచమ్మకు యాటను ఇచ్చినట్టేనా? (ములుగు)

జవాబు: కొంత పోలిక ఉంది. మన దగ్గర నీళ్లు చల్లి, యాట ఒళ్లు విదిలించేదాకా ఆగుతారు. రోమన్లకూ జంతువు తనంతట తాను నడిచి రావాలి. తాడు తెంపుకుని పారిపోతే అపశకునం. మిగతా పద్ధతి చాలా వేరు.

బలి గుడి లోపల జరగదు. గుడి ముందు ఆరుబయట ఉన్న బలిపీఠం దగ్గర జరుగుతుంది. దేవుడికి మగది, దేవతకు ఆడది ఇస్తారు. జుపిటర్, జూనోలకు తెల్లవి, పాతాళ దేవతలకు నల్లవి. భూదేవి టెల్లస్‌కు ఏప్రిల్ 15న కడుపుతో ఉన్న ఆవును ఇచ్చేవారు. ఎద్దయితే కొమ్ములకు బంగారు పూత, తలకు ఉన్ని పట్టీలు, వీపు మీద అంచుల బట్ట.

బలి ఇచ్చేవాడు చేతులు కడుక్కుని, టోగా (రోమన్ పౌరులు ఒంటికి చుట్టుకునే పెద్ద ఉన్ని బట్ట) కొంగును తల మీదికి లాక్కుంటాడు. చాటింపువాడు నిశ్శబ్దం అంటాడు. పిల్లనగ్రోవి ఊదేవాడు చివరిదాకా ఆపడు. చెడు చప్పుడేదీ చెవిన పడకుండా కాపాడటం అతని పని. పెద్ద బలుల్లో ప్రార్థనను ఒకడు పుస్తకం చూసి చదువుతాడు, అధికారి అతని వెంట పలుకుతాడు, మాట తప్పిందేమో చూడటానికి మూడో మనిషి ఉంటాడని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ముందుగా నిప్పులో ధూపం, ద్రాక్షసారా. తర్వాత జంతువు నుదుటి మీద సారా పోసి, ఉప్పు కలిపిన పిండి ‘మోలా సాల్సా’ చల్లి, కత్తి మొనను తల నుంచి వెన్ను వెంట తోక దాకా తాకకుండా లాగుతాడు. జంతువు దేవుడి సొత్తయ్యేది ఆ క్షణమే. సేవకుడు ‘చేయనా?’ అని అడుగుతాడు, ‘చెయ్యి’ అంటేనే దెబ్బ పడుతుంది. పెద్ద పశువును ముందు సుత్తితోనో గొడ్డలితోనో కొట్టి స్పృహ తప్పిస్తారు.

అసలు పరీక్ష తర్వాత ఉంది. కాలేయం, పిత్తాశయం, గుండె, ఊపిరితిత్తులు, పేగుల మీది కొవ్వు పొర తీసి చూస్తారు. అన్నీ మామూలుగా ఉంటే దేవుడు ఒప్పుకున్నట్టు. కాలేయంలో ‘తల’ అనే భాగం లేకపోతే ఒప్పుకోనట్టు, ఇంకో జంతువును తేవాలి. ఒప్పుకునేదాకా తేవాలి. ఎద్దు లోపలి భాగాలను కుండలో ఉడికిస్తారు, గొర్రె, పందివి కడ్డీకి గుచ్చి కాలుస్తారు. అవి దేవుడి వంతు, బలిపీఠం మీద బూడిద కావాల్సిందే. మిగతా మాంసాన్ని చేత్తో తాకి దేవుడి దగ్గర నుంచి విడిపించుకున్నాకే మనుషులు తింటారు. మాంసం ముందు, దేవుడి వంతు వెనక అయితే మళ్లీ తప్పు.

తప్పు జరిగితే మొదటి నుంచి చేయాలి. ఒకే బలిని 30 సార్లు దాకా చేసిన సందర్భం ఉందని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. సుల్పికియస్ అనే పూజారి బలి ఇస్తుండగా తల మీది టోపీ జారి పడిందని అతని పదవే పోయింది. హెర్క్యులిస్ మహాపీఠం దగ్గర, సాటర్న్ గుడి దగ్గర మాత్రం తల కప్పుకోకుండా చేయాలి, అది గ్రీకు పద్ధతి. రోమన్ అన్నవాడు తల కప్పుకునే పూజ చేస్తాడని పుస్తకాల్లో ఒకే మాటగా రాయడం అందుకే సరికాదు.

ఆ పిండి గురించి కూడా చెప్పాలి. అది ఎవరు పడితే వాళ్లు కలిపేది కాదు. పొయ్యి దేవత వెస్టాకు పూజారిణులైన వెస్టల్ కన్యల్లో పెద్దవాళ్లు ముగ్గురు మే 7 నుంచి 14 వరకు రోజు విడిచి రోజు ‘ఫార్’ కంకులను కోతగంపల్లోకి తెచ్చి, తామే వేయించి, దంచి, విసిరేవారు. ఫార్ అంటే పొట్టు వదలని పాతకాలపు గోధుమ. మన బజారులో ఖప్లీ గోధుమ పేరుతో దొరికేది ఆ జాతిదే. వేయించకపోతే పొట్టు ఊడదు. ముడి ఉప్పును రోట్లో దంచి, మట్టి కుండలో పోసి, మూతిని జిప్సంతో మూసి, పొయ్యిలో కాలుస్తారు. గట్టిపడిన ఉప్పు దిమ్మను ఇనుప రంపంతో కోస్తారు. పిండిలో ఆ ఉప్పు కలిపి సిద్ధం చేసేది ఏడాదికి మూడు సార్లు: ఫిబ్రవరి 15, జూన్ 9, సెప్టెంబర్ 13.

ప్రశ్న: సినిమాల్లో చూపినట్టు గ్లాడియేటర్ల పోటీ ప్రతిసారీ చావుతోనే ముగిసేదా? (వరంగల్, ఇంటర్ విద్యార్థి)

జవాబు: లేదు. తిండి పెట్టి, ఏళ్ల తరబడి నేర్పించి తయారుచేసిన మనిషిని ఊరికే పోగొట్టుకునే యజమాని ఉండడు. న్యాయశాస్త్రవేత్త గాయస్ రాసిన ఒక ఒప్పందం చూడండి: దెబ్బ తగలకుండా బయటికి వచ్చిన ప్రతి మనిషికీ 20 దెనారియస్‌లు, చనిపోయినా అవిటివాడైనా 1000 దెనారియస్‌లు. మొదటిది అద్దె, రెండోది అమ్మకం ధర. ఆట పెట్టించినవాడికి ప్రతి చావూ యాభై రెట్లు ఖర్చు. గేలెన్ అంతటి వైద్యుడు పెర్గమోన్‌లో గ్లాడియేటర్లకు చికిత్స చేస్తూనే చేయి తిప్పుకున్నాడు. బార్లీ, చిక్కుడు గింజలు వాళ్ల రోజువారీ తిండి.

ప్రశ్న: పెత్రమాస నాడు మనం పెద్దలకు బియ్యం ఇస్తం. రోమన్లకు అసొంటి రోజు ఉండేనా? (జనగామ)

జవాబు: ఒకటి కాదు, రెండు ఉన్నాయి. రెంటినీ కలిపి చెప్పే పుస్తకాలున్నాయి గానీ వాటి స్వభావం వేరు.

మొదటిది పేరెంటాలియా, ఫిబ్రవరి 13 నుంచి 21 దాకా తొమ్మిది రోజులు. ఇది ప్రేమతో చేసేది. ఊరి బయట దారి పక్కనున్న సమాధుల దగ్గరికి వెళతారు. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన వస్తువులు ఇవీ: ఒక పూలదండ, చల్లిన ధాన్యం, కొద్దిగా ఉప్పు, ద్రాక్షసారాలో నానబెట్టిన రొట్టె, విడి వయొలెట్ పూలు. వీటన్నిటినీ ఒక కుండ పెంకులో పెడితే చాలు. చనిపోయినవాళ్లు కొంచెమే అడుగుతారని, ఖరీదు కంటే భక్తి ముఖ్యమని ఆయన మాట. ఆ రోజుల్లో గుళ్లు మూస్తారు, పెళ్లిళ్లు చేయరు, బలిపీఠాల మీద నిప్పు ఉండదు. 22న కారిస్టియా. పోయినవాళ్లను చూసి వచ్చాక మిగిలిన చుట్టాలంతా కలిసి భోంచేస్తారు. ఇంట్లో తగాదాలుంటే ఆ పూట వదిలేస్తారు. ఈ రెండు రోజులను పక్కపక్కన పెట్టినవాళ్ల మనసు గొప్పది.

రెండోది లెమూరియా, మే 9, 11, 13 రాత్రులు. ఇది భయంతో చేసేది, ఇంట్లో తిరిగే ఆత్మలను పంపించేది. ఇంటి పెద్ద అర్ధరాత్రి లేస్తాడు. కాళ్లకు చెప్పులుండవు, ముడి అన్నది ఉండకూడదు. బొటనవేలిని మిగతా వేళ్ల మధ్య దూర్చి పిడికిలి పడతాడు. ఊటనీళ్లతో చేతులు కడుక్కుంటాడు. నల్ల చిక్కుడు గింజలు తీసుకుని, మొహం పక్కకు తిప్పి వెనక్కి వేస్తూ ‘ఇవి వేస్తున్నాను, వీటితో నన్నూ నా వాళ్లనూ విడిపించుకుంటున్నాను’ అని తొమ్మిది సార్లు అంటాడు. వెనక్కి చూడకూడదు. ఆత్మ వెంట వచ్చి గింజలు ఏరుకుంటుందని నమ్మకం. మళ్లీ నీళ్లు తాకి, కంచు మోగించి, ‘మా పెద్దల ఆత్మల్లారా, వెళ్లండి’ అని తొమ్మిది సార్లు అన్నాకే తిరిగి చూస్తాడు. ఆ రోజుల్లోనూ గుళ్లు మూతే. మే నెలలో పెళ్లి మంచిది కాదన్న మాట కూడా ఓవిడ్ ఇక్కడే చెబుతాడు. మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్నది మొదటిదే.

ప్రశ్న: మా సాంచాల మీద బట్ట తానులకు తానులు దిగుతది. రోమన్ల టోగా ఎన్ని మీటర్లు? కుట్టేదా? అంత తెల్లగా ఎట్ల ఉంచిన్రు? (సిరిసిల్ల)

జవాబు: ఉన్ని బట్ట, ఒకే ముక్క, కుట్టు లేదు, పిన్ను లేదు. చక్రవర్తుల తొలి కాలంలో పొడవు 5 నుంచి 6 మీటర్లు. కింది అంచు గుండ్రంగా ఉంటుంది. పాతకాలపు మగ్గం నిలువుగా గోడకు ఆనించి ఉండేది. పడుగు పోగుల చివర మట్టి గుండ్లు కట్టి బిగువు తెచ్చేవారు.

కట్టే తీరు: ఒక కొసను ఎడమ భుజం మీంచి ముందుకు, కాళ్ల దాకా వదలాలి. మిగతాది వీపు మీదుగా తెచ్చి, కుడి చంక కింద నుంచి ఛాతీ మీదికి లాగి, మళ్లీ ఎడమ భుజం మీద వేయాలి. కుడి చేయి ఖాళీగా ఉంటుంది. ఎడమ చేయి మడిచి మడతలను పట్టుకోవాల్సిందే. ఆ చేయి దించితే మొత్తం జారుతుంది. పరిగెత్తలేరు, బరువు మోయలేరు. అందుకే జనం దాన్ని మెల్లగా వదిలేశారు. టోగా లేనివాళ్లను నగరం నడిబొడ్డు కూడలి ఫోరమ్‌లోకి రానివ్వొద్దని అగస్టస్ అధికారులకు ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది.

తెలుపు చాకిరేవులో వచ్చేది. ఇటలీలోని పాత రోమన్ పట్నం పాంపేలో స్టెఫానస్ అనేవాడి చాకిరేవు తొట్లు ఇప్పటికీ చూడవచ్చు. చిన్న తొట్టిలో నీళ్లు, నిల్వ ఉంచిన మూత్రం, జిడ్డు పీల్చే మట్టి పోసి, బట్టను కాళ్లతో తొక్కేవారు. నిల్వ మూత్రంలో అమ్మోనియా పుడుతుంది. అది ఉన్ని జిడ్డుతో కలిసి సబ్బులా పనిచేస్తుంది. తాజా మూత్రంతో ఈ పని కాదు. తర్వాత ఒకదానికొకటి కలిసిన తొట్లలో జాడిస్తారు. కొత్త నీళ్లు చివరి తొట్టిలో పడి మొదటిదాని వైపు పారతాయి, బట్ట ఎదురు వెళుతుంది. ఇక్కడ తొందరపడితే క్షారం ఉన్నిలో మిగిలి పోగు పెళుసవుతుంది. ఆరాక ముళ్ల బ్రష్‌తో దువ్వి నూగు లేపుతారు. తెల్ల బట్టను వెదురు గంప లాంటి చట్రం మీద పరచి కింద గంధకం పొగ పెడతారు. చివర మేలు రకం తెల్ల మట్టి రుద్దుతారు. గంధకం పొగ తగిలితే నకిలీ రంగు నల్లబడి బయటపడుతుందని ప్లినీ రాశాడు. ఈ పనికి మట్టిని ఏ వరసలో వాడాలో క్రీ.పూ. 220లో మెటీలియస్ చట్టమే నిర్ణయించింది. బట్ట ఉతకడం మీద ప్రజాసభ చట్టం చేసిందంటే ఆ పనికి వాళ్లిచ్చిన విలువ తెలుస్తుంది.

ప్రశ్న: రోమన్లకు వారం ఉండేనా? అంగడి ఎన్ని రోజులకోసారి? (జమ్మికుంట)

జవాబు: అంగడి ఎనిమిది రోజులకోసారి. గోడల మీద రాసిన పంచాంగాల్లో ఒక్కో రోజుకు ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది అక్షరాల్లో ఒకటి ఉంటుంది. ఆ ఏడు అంగడి ఏ అక్షరం మీద పడిందో తెలిస్తే ఏడాదంతా లెక్క దొరుకుతుంది. పల్లెల రైతులు ఆ రోజు పట్నం వచ్చి సరుకు అమ్మి, కొత్త చట్టాల సంగతి విని పోయేవారు. ప్రతిపాదించిన చట్టాన్ని మూడు అంగళ్ల పాటు జనం ముందు ఉంచాకే ఓటు. ఏడు రోజుల వారం తర్వాత వచ్చింది. ఆదివారం సెలవు క్రీ.శ. 321లో కాన్‌స్టంటైన్ పెట్టాడు.

రోమన్లు రోజులు లెక్కపెట్టేటప్పుడు మొదటి రోజునూ చివరి రోజునూ కలుపుకునేవారు. ఎనిమిది రోజుల అంగడిని ‘తొమ్మిదో రోజు’ అన్నది అందుకే. ఈ అలవాటు ఒకసారి పెద్ద తిప్పలు తెచ్చింది. జూలియస్ సీజర్ క్రీ.పూ. 46ను 445 రోజులకు సాగదీసి, క్రీ.పూ. 45 నుంచి నాలుగేళ్లకోసారి ఒక రోజు కలపమన్నాడు. అతను చనిపోయాక పూజారులు తమ పద్ధతిలో లెక్కపెట్టి మూడేళ్లకే కలుపుతూ పోయారు. 36 ఏళ్లలో 9 రోజులు కలపాల్సింది 12 కలిపారు. అగస్టస్ కొన్నేళ్లపాటు ఆ అదనపు రోజును ఆపించి లెక్క సరిచేశాడు.

ప్రశ్న: రోమన్ల నైవేద్యం ఏదన్నా ఇంట్లో చేసి చూడొచ్చా? (కరీంనగర్, గృహిణి)

జవాబు: తప్పకుండా. క్రీ.పూ. రెండో శతాబ్దంలో రోమన్ రచయిత కేటో రాసిన ‘లిబమ్’ అనే నైవేద్యపు రొట్టె చేయండి, ఆయన కొలతలు ఇచ్చాడు: జున్ను (చీజ్) రెండు పౌన్లు, గోధుమ పిండి ఒక పౌను, లేదా మెత్తగా రావాలంటే సన్నపిండి అర పౌను, గుడ్డు ఒకటి. మన లెక్కలో పనీరు 650 గ్రాములు, జల్లించిన గోధుమ పిండి 325 గ్రాములు లేక మైదా 165. సగం చేస్తే గుడ్డు గిలకొట్టి అందులో సగమే పోయండి.

పనీరును రాత్రంతా బట్టలో కట్టి బరువు పెట్టండి. పొద్దున రోట్లో పలుకు లేకుండా మెత్తగా నూరాలి. కేటో మొదటి మాట ఇదే, దీన్ని వదిలేస్తే మిగతాదంతా దండుగ. పిండి, గుడ్డు కలిపి ముద్ద చేసి, మందపాటి రొట్టెలా ఒత్తండి. కింద ఆకులు పరవాలి. వాళ్లు వాడి ఉండగలిగిన లారెల్ ఆకు, మన బిర్యానీ ఆకు ఒకటి కావు. తడిపిన మోదుగ ఆకులు బాగా పనికొస్తాయి. బొగ్గుల పొయ్యి మీద పెనం పెట్టి, రొట్టె మీద మట్టి మూకుడు బోర్లించి, మూకుడు మీద కూడా నాలుగు నిప్పులు వేసి నెమ్మదిగా కాల్చండి. ఓవెన్ అయితే 180 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు.

పైన పగిలి లోపల పచ్చిగా ఉంటే మంట ఎక్కువైంది. పక్కలకు పారిపోతే పనీరులో నీళ్లు మిగిలాయి. అట్టలా గట్టిగా వస్తే పిండి ఎక్కువసేపు పిసికారు. కేటో తీపి చెప్పలేదు. అయితే మార్చి 17న లిబర్ దేవుడి పండుగకు తేనె లిబమ్ పెట్టేవారు. ఆ రోజు ఐవీ తీగను తలకు చుట్టుకున్న ముసలమ్మలు వీధిలో చిన్న పొయ్యితో కూర్చుని లిబమ్ అమ్ముతూ, కొన్నవాళ్ల పేరున ఒక ముక్క నిప్పులో వేసేవారని రోమన్ పండితుడు వారో రాశాడు. తేనె వేయదలిస్తే కాలిన తర్వాత, వేడి మీద, పైన పోయండి. ముద్దలోనే కలిపితే అడుగు మాడుతుంది.